క్షమించాక రాయవలసిన మాట

ప్రియమైన ఎడ్నా అక్కకి,

మా చర్చి సంఘంలోని మన్రో సంగతి నీ దాకా వచ్చే ఉంటుంది. ఇళ్లు కొని అమ్మే భాగస్వామ్యమని చెప్పి మా సంఘంలో అందరి దగ్గరా డబ్బు తీసుకున్నాడు. ఒక్క ఇల్లూ కొనలేదు. ఏటా లాభం వచ్చిందని కాగితం ఇచ్చేవాడు. చేతికి రాని ఆ లాభానికి మేం పన్ను కూడా కట్టాం. మొన్న ప్రార్థనలో అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని ఒప్పుకున్నాడు. క్షమించాం. క్షమించాక ఆ మాట మళ్ళీ ఎత్తకూడదన్న మన నియమం నీకు తెలుసు కదా.

చిక్కు పన్ను దగ్గర వచ్చింది. పన్ను కాగితంలో నష్టం ఎలా వచ్చిందన్న చోట మా ఆయన అట్లీ "సంఘ సోదరుణ్ణి క్షమించి వదిలేశాం" అని రాశాడు. పట్నంలో మా లెక్కలు చూసే కార్ల్ గారు తల పట్టుకున్నారు.

"క్షమాపణకి ఇందులో గడి లేదయ్యా! వదిలేశానంటే నువ్వే ఇచ్చేసినట్టు. దొంగతనం జరిగింది, తిరిగొచ్చే ఆశ లేదు అని రాయి. పన్ను బాగా తగ్గుతుంది."

"క్షమించిన మనిషిని దొంగని రాయను."

"అయితే ఆవుల్ని అమ్ముకో. వాటిని కూడా క్షమించమని అడుగు!"

ఆ తగ్గింపు రాకపోతే నిజంగానే ఆవుల్ని అమ్మాలి. ఇద్దరు మగవాళ్ళ మధ్య నేను నోరు విప్పలేదు. ఎనిమిదో తరగతితో ఆగినదాన్ని. మనసులో ఒక మాట ఉంది కానీ, అంటే క్షమించనిదాన్ని అవుతానేమోనని భయం.

నీ చెల్లెలు
లొవైనా

అక్కా,

అనేశాను. పాలు పితుకుతూ, అట్లీ ముఖం కనిపించకుండా ఆవుకి ఇవతల కూర్చుని అడిగాను.

"మన్రో ఏమని ఒప్పుకున్నాడు?"

"దొంగిలించానని."

"అది దొంగతనమే కాకపోతే, మనం క్షమించింది దేన్ని?"

అట్లీ లేచి బకెట్ పక్కన పెట్టాడు. తర్వాత, "అతనికి చెప్పకుండా రాయను. బండి కడతా, నువ్వూ రా" అన్నాడు.

వాళ్ళింట్లో మా పన్ను కాగితం చూసి మన్రో ముఖం ఎర్రబడింది. "అయిపోయిందాన్ని మళ్ళీ ఎందుకు తవ్వుతారు?" అని అతని భార్య ఫానీ గొంతు పెంచింది.

మన్రోనే ఆమెను ఆపాడు. "ఊరుకోవే. అందరి ముందూ నేనన్న మాటే కదా. అక్కడ నిజమైంది ఇక్కడ అబద్ధమవుతుందా? రాయి అట్లీ, నా బల్ల మీదే రాయి. డబ్బు పోయిన మిగతావాళ్ళకీ ఇలాగే రాయమని నేనే వెళ్ళి చెబుతా."

అట్లీ రాశాడు. ఫానీ నా వైపు చూడకుండానే కాఫీ పోసింది. తాగాం.

వచ్చే ఆదివారం ప్రార్థన వంతు మా ఇంటిది. బెంచీలు సర్దడానికి ముందే వస్తామని, మేం బండెక్కుతుంటే ఫానీ గుమ్మంలోంచి కేకేసి చెప్పింది.

నీ
లొవైనా