వలలో మిగిలిన పిట్టలు

ఆదివారం రాత్రి, కేసముద్రం టేషన్ల

నా కొడుకు మల్లేశు బతికే ఉన్నడు! సముద్రంల దీవి మీద పాటపిట్టలను వలేసి పట్టి, అవి ఏడేడికి పోతయో ఎరుకయ్యేటందుకు కాళ్లకు గుర్తు ఉంగరాలు తొడిగి ఇడిసిపెట్టే కొలువు వానిది. తుఫానొచ్చి దీవి మునిగిందంటే వాడు పోయిండనే అనుకున్నం. ఇయ్యాల మాపటికి వాని జోడీదారు ఇస్మాయిలు ఇంటికొచ్చిండు.

"నీ కొడుకు మొండోడు చాచా! ఆఖరి పడవ ఎక్కురా అంటే, వలల పిట్టలున్నయి, ఇడిపించి వస్త అన్నడు. దీపస్తంభం ఎక్కి బతికిండు. కాలిరిగి దవాఖానల ఉన్నడు."

నేను నేర్పిందే గది. వలల పిట్టను వదిలి ఇంటికి రావొద్దని, గంగారం అడవిల వానికి చిన్నప్పుడే చెప్పిన. నా బంగారు కొండ, నా మాట మీదనే నిలవడ్డడు!

కానీ కోడలు రాజవ్వ జనగామల తల్లిగారింట్ల ఉన్నది. మల్లేశు పోయిండని కబురు పంపింది మేమే. రేపు పొద్దుగాల దాని గాజులు తీస్తరు. రైలేమో ఇంకా రాలే. టేషన్ మాస్టరును మళ్ల మళ్ల అడిగితే, "నన్ను గుంజుకరమ్మంటవా పెద్దమనిషీ?" అన్నడు. దేవుడా, జర జల్ది తోలు…

చెప్పాల్సినోళ్లు: నెల్లికుదురు అక్క, అన్నం ముట్టకుండ ఏడుస్తున్నది. గంగారం తమ్ముడు. మానుకోట బిడ్డ, అల్లుడు.

కాదు, అందరికన్న ముందు రాజవ్వ. దాని చేతులకు గాజులుండంగనే రాజవ్వ.