సర్టిఫికెట్టు లేని మునెయ్యన్న

జూన్ 3, 1981, బుధవారం

తిరువళ్ళూరులో ఆరున్నర రైలు. తిరుత్తణిలో దిగి ఆస్పత్రికి నడక. ఉద్యోగం మొదలు!

డాక్టరమ్మ నా సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కాగితం కోసమే నిన్ను తీసుకున్నా" అని నవ్వింది. ల్యాబు రిపోర్టుల మీద సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళే సంతకం పెట్టాలని పైనుంచి ఉత్తరం వచ్చిందట. ఇన్నాళ్ళూ పెడుతున్నది మునెయ్యన్న. ఇరవై రెండేళ్ళ కింద స్లైడ్లు కడగడానికి చేరి, చూసి చూసి పని నేర్చుకున్న మనిషి. చదివింది ఎనిమిదో తరగతి. జూలై దాటితే ఆయనకు వార్డు పని, ఆయన కుర్చీ నాకు.

సంతోషంగానే ఉంది. ఎందుకు ఉండకూడదు? మద్రాసులో ఏడాది ల్యాబు కోర్సు చదివాను. ఫస్టు క్లాసు.

జూన్ 5, శుక్రవారం

తెల్లకణాలు రకానికి ఎన్నో లెక్కపెట్టడానికి మునెయ్యన్న దగ్గర ఉన్నవి — నూరు చింతపిక్కలు, అయిదు డబ్బా మూతలు. కన్ను మైక్రోస్కోపు మీద నుంచి లేవదు. ఏ రకం కణం కనబడితే ఆ మూతలో పిక్క పడుతుంది. పిక్కలు అయిపోతే నూరు అయినట్టు. నవ్వు ఆపుకోలేకపోయాను.

"కాలేజీలో ఎట్ల చేస్తారమ్మా?"

"బటన్లు నొక్కే మిషనుంది అన్నా."

"మంచిదే కదా. తెప్పించమను."

అదే స్లైడు నేను పెన్సిలు గీతలతో లెక్కపెట్టాను. మూడుసార్లు, మూడు జవాబులు. ఆయనది రెండుసార్లూ ఒకటే. ఇంటికొచ్చి అమ్మను చింతపిక్కలు అడిగాను... ఎందుకో చెప్పలేదు.

జూన్ 9, మంగళవారం

మూడేళ్ళ పిల్ల. రెండుసార్లు పొడిచాను, నరం దొరకలేదు. పిల్ల ఏడుపు, తల్లి చూపు. మునెయ్యన్న వచ్చి ఆ చిన్న చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరిచాడు. "మీ ఇంట్లో మేక ఉండాదా? దాని పేరేమి?" పిల్ల పేరు చెప్పేలోపు రక్తం తీయడం అయిపోయింది.

"చూసి నేర్చుకో పాపా" అంది తల్లి నాతో. తల తీసేసినట్టయింది. ఆయన మీద అసూయ కూడా. ఈ డైరీలో కాకపోతే ఇంకెక్కడ ఒప్పుకుంటాను!

జూన్ 16, మంగళవారం

రైలు గంట లేటు. వెళ్ళేసరికి నా ట్రేలన్నీ మునెయ్యన్న సర్ది పెట్టాడు.

జూన్ 29, సోమవారం

ఇవాళ్టిది రాయక తప్పదు.

నిన్న కృత్తిక, కొండమీద సామికి మొక్కులు తీర్చే రోజు. మింజూరు పెద్దాయన ఒకరు ఒక్కపొద్దుతో కొండెక్కి స్పృహ తప్పారట. పొద్దున చేర్చారు. కొడుకు సీసాలో మూత్రం పట్టి తెచ్చాడు. నీలం మందులో ఎనిమిది చుక్కలు వేసి కాచాను — ఇటుక ఎరుపు! చక్కెర నాలుగు ప్లస్సులు. గొప్పగా సంతకం చేసి పంపాను. డాక్టరమ్మ ఇన్సులిన్ రాసింది.

మునెయ్యన్న అప్పుడే వార్డు నుంచి వచ్చాడు. గొట్టం వైపు చూడలేదు, సీసా వైపు చూశాడు. వాకిట్లో ఉన్న కొడుకును అడిగాడు.

"సీసా యాడిది?"

"కొండమీద పంచామృతం కొన్నది సామీ. నాయనకు ఒక్కపొద్దు, నేనే తింటిని. సామి సీసా పారేయకూడదు కదా... రవంత నీళ్ళేసి కడిగి తెచ్చినా."

తేనె, పండ్లు, బెల్లం. ఆ సీసాలో ఎవరిది పోసినా ఎరుపే! ఆ వయసులో మునెయ్యన్న పరుగు చూడాలి. "సిస్టర్, నిలుపమ్మా! ఊసి వేయొద్దు!" సూది అప్పటికే సిస్టర్ చేతిలో ఉందట. మన సీసా ఇచ్చి మళ్ళీ చేశాం. నీలం నీలంగానే ఉంది, చక్కెరే లేదు. నిన్నటి నుంచి తినని మనిషికి ఇన్సులిన్ పడితే ఒంట్లో ఉన్న చక్కెర కూడా పడిపోయి ప్రాణమే పోయేది. నా సంతకంతో.

ఎవరు చేశారని డాక్టరమ్మ అడిగితే, "ల్యాబులో తప్పు జరిగిందమ్మా" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. తర్వాత నాతో — "పరీచ్చ బాగానే చేసినావు. అడగాల్సింది అడగలేదు, అంతే."

రైల్లో ముఖం కిటికీ వైపు పెట్టుకుని ఏడ్చాను.

జూలై 6, సోమవారం

డాక్టరమ్మతో పోట్లాడాను, ఆయన్ని వార్డుకు పంపొద్దని. ఒక దారి ఉందంది. చాలా ఏళ్ళు పని చేసినవాళ్ళు మద్రాసులో పరీక్ష రాసి సర్టిఫికెట్టు తెచ్చుకోవచ్చు. కానీ ఫారం మీద ఒక గడి ఉంది — "ఈ అభ్యర్థికి పని నేర్పింది నేనే" అని సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళు సంతకం చేయాలి. ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే.

జూలై 8, బుధవారం

మునెయ్యన్నకు ఫారం చదివి వినిపించాను.

"నువ్వు నాకు నేర్పినావా?"

"కాగితం కోసమే అన్నా."

"కాగితం మీద ఇన్నేండ్లలో లేనిది రాయలేదమ్మా నేను."

కోపమొచ్చింది. "ఆ రోజు నా కోసం మీరు పరుగెత్తలేదా? ఇప్పుడు నన్ను చెయ్యనివ్వండి!" అని అరిచాను. ఆయన మీద అరిచాను! ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జూలై 13, సోమవారం

ఫారం తిరిగి ఇచ్చాడు. అరవంలో సంతకం, గుండ్రంగా. నా గడి ఖాళీ.

"ఏది నిజమో అది రాయి. వద్దంటే వద్దంటారు."

అచ్చువేసిన మాట కొట్టేసి, "ఈయనే నాకు పని నేర్పారు" అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాను. డాక్టరమ్మ చదివి తల పట్టుకుంది. "వెనక్కొస్తుంది చూడు." అయినా పంపింది.

జూలై 27, సోమవారం

జవాబు లేదు. శనివారం నుంచి వార్డు డ్యూటీలో ఆయన పేరు రాసేశారు.

వారంగా మలేరియా స్లైడ్లు తెగ చూపిస్తున్నాడు, పాతవి, పెట్టెలో దాచినవి. ఇంటికి కూడా పోనివ్వడు. ఇంకొకటి, ఇంకొకటి... రైలు తప్పిపోతుంది అన్నా అంటే వినడు.

"ఎందుకన్నా ఇంత తొందర?"

"శనివారం నుంచి నువ్వొక్కదానివే కదమ్మా చూడాల్సింది."