చీలిన పైన్ చెట్టు, తెల్లబండ

మంగళవారం, మైపాడు

హిమాచల్‌లో పైన్ లోయ గుండా మా క్లాసు నడిచిన బాట మీద కాలేజీ పత్రికలో వ్యాసం వచ్చింది. కింద మా క్లాసు కీర్తన పేరుంది. చదివి ఇస్తానని ఆమె తీసుకుపోయిన నా నోటుబుక్కే లోపలంతా. రాలిన పైన్ ఆకుల మీద నడిస్తే కుప్పేసిన వల మీద కాలు పెట్టినట్టుందని రాసినాను. ఆ మాట కోసం గంట కూర్చున్నాను. ఆమె వల అనే మాట తీసి పరుపు అని పెట్టింది.

అడిగితే నవ్వింది. "ఏమ్మే, బాటకు నీ పేరు పెట్టినారా? చేపల వాసన తీసేసి అచ్చేయించినా, సంతోషించు."

ఆ బాటలో నడవకుండా సగం దూరం జీపులో వచ్చిన మనిషి ఆమె.

సముద్రంలో చేపలు పడే చోటు కనుక్కోవడానికి నాన్న ఒడ్డు మీది రెండు గుర్తులు ఒక వరసలో చూసుకుంటాడు. బయటివాళ్లకు సగమే చెప్తాడు. నేనూ అట్లాగే రాసుకున్నాను. చీలిన పైన్ చెట్టు, తెల్లబండ ఒక వరసలోకి రావాలి. అక్కడ ఎటు తిరగాలో రాయలేదు.

గురువారం ఆమె ఆ వ్యాసం క్లాసులో చదవాలి. "తెల్లబండ దగ్గర ఎటు తిరగాలి కీర్తనా?" అని అడుగుతాను. ఈ ప్రశ్నను పదిసార్లు దిద్దినాను. ఎంత మర్యాదగా ఉంటే అంత లోతుగా కోస్తుంది.

కానీ వచ్చే నెల జూనియర్లు ఈ వ్యాసం పట్టుకునే ఆ బాటలో నడుస్తారని సార్ చెప్పినారు. తెల్లబండకు ఎడమ వైపు కొండచరియ విరిగిపడి ఉంది.

కుడికి తిరగాలి. గురువారం ఆమె ఎడమకు అనాలని కోరుకుంటున్నాను. అందరూ నవ్వినాక లేచి కుడికని చెప్తాను. తప్పకుండా చెప్తాను. ఆమె కుడికి అనేస్తే మాత్రం, ఆ రాత నాదని చూపించడానికి నాకేమీ మిగలదు.