మామిడికాయ మాంసంలో బియ్యప్పిండి

గణేషూ, నీ సుగర్ దిగనివ్వని మనిషి ఈ ఇంట్లోనే ఉంది. అది మీ అక్కే.

డాక్టరుగారు వరి, గోధుమ, జొన్న ఏ గింజా వద్దన్నాక నెల్లాళ్లుగా నీకు వండుతున్నది నేనేగా. ఇవాళ మామిడికాయ మాంసం చేస్తుంటే చెయ్యి దానంతటదే బియ్యప్పిండి డబ్బాలోకి వెళ్లింది. చిక్కదనానికి గుప్పెడు పిండి నీళ్లలో కలిపి పులుసులో పొయ్యడం అమ్మ దగ్గర్నించి వచ్చిన అలవాటు. నెలంతా ప్రతి పులుసులోనూ పోశాను. ఒక్కసారీ తట్టలేదు.

ఇవాళ పొయ్యలేదు, పల్చగా ఉంటుంది. మాంసం ఉడికింది. మామిడికాయ ముక్కలు పక్క గిన్నెలో ఉన్నాయి. అవి వేసి సన్నమంట మీద పది నిమిషాలుంచు. చితికేదాకా ఉంచితే పులుపెక్కిపోతుంది. మసాలాపొడి దింపేముందు చల్లు. అన్నం బదులు ఆనపకాయ ముక్కలు ఉడకబెట్టాను, వాటి మీద పోసుకో.

సుగర్ ఎందుకు దిగట్లేదని అడిగితే "నేనేం తినలేదక్కా, ఒట్టు" అని మూడుసార్లు అన్నావు. నమ్మలేదు. నిన్న వీర్రాజుగారి ఇడ్లీబండి దగ్గర పదిమందిలో "దొంగతిండి తింటున్నావా, సిగ్గులేదా" అని అరిచాను. టీ కోసం వెళ్లినవాడివి, గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చేశావు. ధర్నాల్లో ఆఫీసర్లని సాక్ష్యం ఏదని నిలదీస్తాను, నిన్ను మాత్రం ఏ సాక్ష్యం లేకుండా దోషిని చేశాను. తప్పయిపోయిందిరా.

రొయ్యల చెరువుల ధర్నాకి భీమవరం వెళ్తున్నా, ఆరింటికి వచ్చేస్తాను.

ఏడింటికి ఇడ్లీబండి దగ్గరికి రా. అందరూ వింటుండగా నా తప్పు ఒప్పుకుంటాను. ఇంట్లో కూర్చుని "పర్లేదులే అక్కా" అంటే ఊరుకోను. వచ్చి నా పక్కన నిలబడు.