తపస్సుకు రెక్కలెందుకు?

2007 ఏప్రిల్ 9

మునిరత్నం రెక్కలు కొన్నాడు!

బంగారు రెక్కలు. అడుగు తీసి అడుగేస్తే నిప్పురవ్వలు రాలుతున్నాయి. పైగా నల్ల కళ్లద్దాలు. కోటలూ కత్తులూ రాక్షసులూ ఉన్న లోకంలో నల్ల కళ్లద్దాలేమిటి? పక్క సిస్టం మీదే కూర్చున్నాడు కదా, మొహం మీదే అడిగాను.

"బాగుండాయి గదా సరళా? ఆటలో షాపు ఉండాదే, ఆడ కొత్తగా పెట్టినారు" అంటాడు పళ్లికిలించి. సిగ్గు లేదు.

ఆటలో కలిసి తిరిగే మా జట్టుకు, మా గిల్డ్‌కు, నియమాలున్నాయి. ఊళ్లో పరిగెత్తకూడదు, నడవాలి. నోరు తెరిస్తే ఆ లోకం మనిషిలా మాట్లాడాలి, క్రికెట్ స్కోరు అడగకూడదు. షాపులో వేషాలు కొనకూడదు. అన్నీ పెట్టించింది నేనే. చేరిన రోజు గంగిరెద్దులా తలూపినవాడు ఇతనే.

ఆ కోపంలో ఎవరివో హాల్‌టికెట్లు అడ్డంగా ప్రింట్ తీశాను. నెట్ సెంటర్ వసంతక్కది, నేను జీతానికి పనిచేసేదాన్ని. ఇంకొకరైతే తిట్టేవారే. "ఆ బొమ్మ రెక్కలు కట్టుకుంటే నీకేం పోయెమ్మే?" అంది, అంతే.

నాకేం పోయిందా!

ఏప్రిల్ 10

ఏం పోయిందో రాసుకుంటాను. అక్కకు చెప్పలేకపోయాను కాబట్టి.

మా ఊళ్లో ఏటా ఆడే భారతంలో నాయనే అర్జునుడు. నేను పుట్టకముందు నుంచీ. తపస్సు మాను ఎక్కే రోజు పచ్చి గంగ ముట్టడు. కాషాయం కట్టి, పాశుపతం కోసం చేసే తపస్సుకని పాతిన ఆ నిలువు మాను మీద మెట్టు మెట్టుకూ ఒక పద్యం పాడుకుంటూ ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. అవి కొంగులో పడితే కడుపు పండుతుందని కింద పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో కొంగు పట్టుకుని ఉంటారు.

ఆ పద్యాలన్నీ నాకు నోటికి వచ్చు. ఇంట్లో నాయన తడబడితే అందించేది నేనే. నేనెప్పుడు ఎక్కేదని చిన్నప్పుడు అడిగాను. "ఆడబిడ్డ మానెక్కకూడదు పాపా." ఎందుకు? ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆటలో నా బొమ్మ ఒక విలుకాడు, వాడు ఎక్కొచ్చు. ఉత్తరం కోటలో ఎత్తైన బురుజు, చుట్టూ మెట్లు. గిల్డంతా కింద చేతులు జోడించి నిలబడాలి. నేను పద్యాలు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తూ ఎక్కాలి. పైనుంచి పళ్లు విసరాలి. ఎవడూ నవ్వకుండా ఒక్కసారి నేను అర్జునుణ్ణి కావాలి... అందుకే ఆ గిల్డు. అందుకే ఆ నియమాలు. ఆ బురుజు కింద వీడు మతాబులా రవ్వలు రాల్చుకుంటూ నిలబడితే అది తపస్సా, తిరునాళ్లా?

ఏప్రిల్ 14

ఇంకో ఇద్దరు. ఒకడి తల గుమ్మడికాయ. ఇంకొకడు నెమలి మీద తిరుగుతున్నాడు, ఆ నెమలి గులాబీ రంగు. అందరికీ ముని సలహా ఇస్తున్నాడు — ఏ రెక్కలు బాగుంటాయో!

ఏప్రిల్ 18

ఆట తయారుచేసినవాళ్లకు ఇంగ్లీషులో ఇంత పొడుగు ఉత్తరం రాశాను. ఈ లోకాన్ని మీరే కట్టారు, మీరే ఎందుకు కూల్చుకుంటున్నారని. జవాబు వచ్చింది. మా వేషాల మీద మీకున్న ఆసక్తికి ధన్యవాదాలట. వేసవికి కొత్తవి వచ్చాయట, చూడమన్నారు.

చెవిటివాడి ముందు శంఖం.

ఏప్రిల్ 22, మా ఊళ్లో

ఇక్కడా అదే రోగం. తపస్సు మానుకు కింది నుంచి పైదాకా సీరియల్ లైట్ల సెట్టు చుడతారట. ఆకుపచ్చా ఎరుపూ, మిణుకు మిణుకు. భారతం కమిటీ తీర్మానం. నాయన ఒప్పుకున్నాడు!

"తపస్సుకు పోయినోడికి లైట్లెందుకు నాయనా? అర్జునుడు పెళ్లికొడుకా?"

"జనం యాడుండారు పాపా? టీవీల ముందర ఉండారు. లైటు సూసైనా వస్తారు."

"వచ్చి లైట్లే సూస్తారు."

"సూడనీ. వచ్చినాక నా పని నేను సేస్తా."

ఇదే మాట ముని అంటే నెత్తిన మొట్టేదాన్ని. నాయన అన్నాడు. అన్నం తినకుండా పడుకున్నాను. దాంతో ఎవరికీ ఏమీ కాలేదు.

ఏప్రిల్ 27

మునితో పోట్లాట. గిల్డ్‌లోంచి తీసేస్తానన్నాను. "తీసెయ్. మేమంతా ఎల్లిపోతాం. ఒక్కదానివే ఎక్కుకో, సూసేవాడు ల్యాకుండా" అన్నాడు.

అక్కడ దొరికిపోయాను. చూసేవాళ్లు లేకపోతే అది తపస్సే కాదు, మెట్లెక్కడం.

రెక్కలు ముడుచుకుని వెనక నిలబడతానని ఒప్పుకున్నాడు. ముడుచుకునే బటన్ లేదని తరవాత తెలిసింది.

మే 2

చేశాను. చేసేశాను...

మధ్యాహ్నం ఎండకు సెంటర్‌లో జనం లేరు, పక్క సిస్టం మీద ముని తప్ప. బూడిదరంగు బట్ట తప్ప నా విలుకాడి ఒంటిమీద ఏమీ లేదు. ఎక్కాను. ఒక పద్యం, ఒక మెట్టు. కింద గుమ్మడికాయ తల కూడా కదలకుండా నిలబడింది. ఒక్క నిమిషం నిజంగానే గాలి తగిలినట్టయింది నాకు.

అప్పుడు వచ్చారు దారిన పోయేవాళ్లు. ఏ దేశంవాళ్లో. మెరుపులు, ఇంద్రధనుస్సులు, కాళ్ల కింద మంటలు. ఒకడు బురుజు చుట్టూ గంతులు. ఒకడు తిన్నగా పైకి నా పక్కకే ఎగిరొచ్చి అడిగాడు — ఈ బూడిద బట్టలు బాగున్నాయి, ఏ షాపులో కొన్నావు?

కొన్నానా! ఏమీ కొనకపోవడం కూడా వీళ్లకు ఒక వేషమే!

పళ్లు విసిరేసి, సిస్టం ఆపి లేచాను. ముని ఏదో అనబోయాడు. నోరు మూసుకో అన్నాను.

లేచి చూస్తే వెనక వసంతక్క. ఎప్పుడొచ్చిందో. చెంగు చేతిలో పట్టుకుని, తెర వైపు చూస్తూ ఉంది. పెళ్లయి ఎన్నేళ్లయిందో ఆమె చెప్పదు, నేనడగను. "దేవతలంతా వచ్చినారు గదమ్మే నీ తపస్సు సూడను" అంది. "ఆ రెక్కలోళ్లు, ఆ మంటలోళ్లు..."

"దేవతలు కాదక్కా, దరిద్రులు" అన్నాను.

అక్క మొహం చిన్నబోయింది. చెంగు దోపుకుని లోపలికి వెళ్లిపోయింది. నేనెందుకు అలా అన్నాను? అయినా నిజం కాదా?

మే 3

అక్క అడిగింది. ఇంకెవరూ వినకుండా. "మీ ఊరి మాను ఎప్పుడు ఎక్కేది? నన్ను పిల్చుకపోతావా?"

సరేనన్నాను. లైట్ల సంగతి చెప్పలేదు. సిగ్గేసింది.

మే 11

ఉదయం అక్కతో మా ఊళ్లో వడమాలపేట బస్సు దిగేసరికే మాను కనపడుతోంది. పట్టపగలే వెలుగుతున్నాయి. మైకులోంచి, లైటు సెట్టు ఇచ్చిన దాత పేరు మళ్లీ మళ్లీ. ఇదా తపస్సు!

అక్క బోరు నీళ్లు నెత్తిన పోసుకుని, తడి చీరతో మాను కిందికి వెళ్లింది. పక్కనే నేను.

నాయన వచ్చాడు. ఉపవాసంతో పెదాలు తెల్లబారాయి. మోకాళ్లు తట్టుకుంటాయా అని నా భయం. మానుకు మొక్కి, ఎక్కడం మొదలుపెట్టాడు. గొంతు బాగుంది. పిల్లకాయలు లైట్లు చూపించి కేరింతలు కొడుతున్నారు, ఎవడో ఈల. నాయన పాడుతూనే ఉన్నాడు. సగం దాటాక, పాశుపతం అడిగే పద్యానికి ముందు ఆగాడు. ఎప్పుడూ ఆగేచోటే. ఊపిరి తీసుకుని అందుకుంటాడు.

అందుకోలేదు.

మెట్టు పట్టుకుని అలాగే ఉన్నాడు. హార్మోనియం కూడా ఆగిపోయింది. ఈల వేసినవాడూ ఆగాడు. ఇంకా పాడడే! పడిపోతాడేమో, మరిచిపోయాడేమో... నా నోట్లోంచి పద్యం వచ్చేసింది. మైకు లేదు, ఏమీ లేదు. ఎత్తుగడ నాదే, సాగదీతా నాదే. ఎవరో "ఎవురా ఆడగొంతు?" అన్నారు. నేను ఆపలేదు.

నాయన కిందికి చూశాడు. ఆ తరవాత ఒక్క పద్యం పాడలేదు. ఆయన ఎక్కుతుంటే చివరిదాకా నేనే పాడాను.

పైనుంచి నిమ్మకాయలు పడ్డాయి. అక్కకు ఒకటి దొరికింది. కళ్లకద్దుకుని గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సంతోషానికే అనుకున్నాను.

మే 12

కొందరు బాగుందంటున్నారు. కొందరు మానుకు మైల అంటున్నారు, పసుపునీళ్లు చల్లాలట. లైట్లు చుడితే రాని మైల నా గొంతుకు వచ్చిందా? వీధిలో నిలబడి అడిగాను. అమ్మ చెయ్యి పట్టి లోపలికి లాగింది.

నాయన నాతో మాట్లాడలేదు.

మే 13

ఇంకా మాట్లాడలేదు.

మే 14

నేనే అడిగాను. తోటలో మామిడికాయలు గంపలకెత్తుతున్నాడు.

"మోకాళ్లు పట్టేసినాయా నాయనా? ఊపిరి ఆడలేదా?"

"నాకేమీ కాలే."

"మరెందుకు ఆగినావు?"

గంప దించాడు. "ప్రతి యేడూ ఆగుతా. ఈసారి శానా సేపు ఆగినా. పిలకాయలు గమ్మునైపోయినారు సూడు, లైట్లు మరిచిపోయి నా దిక్కే సూస్తా ఉండారు. హార్మోనియమోడు కూడా ఎత్తుకోలే. ఇన్నేండ్లలో ఎప్పుడూ అట్ల కుదర్లే నాకు. ఇంగా రవ్వంత సేపు ఆగింటే..." చెయ్యి విదిలించాడు. "నువ్వు పాడేసినావు."

"పడిపోతావని భయపడినా నాయనా! సూస్తా ఊరకుండమంటావా?"

"తప్పుగా పాడింటే ఒక తిట్టు తిట్టి మరిచిపోదును. బాగా పాడినావు. నాకంటే బాగా. అదీ నా కడుపుమంట."

గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయాడు. ఎత్తమని నన్ను పిలవలేదు.

మే 15

ముని ఫోన్. గిల్డ్‌లో అందరూ అడుగుతున్నారట, మళ్లీ ఎప్పుడు ఎక్కుతావని. రెక్కలు తీసేసి నిలబడతారట. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

వచ్చే ఏడు మాను ఎవరెక్కాలి, ఎవరు పాడాలి అని ఆదివారం కమిటీ కూర్చుంటోంది. రమ్మని కబురొచ్చింది. నాయనకు కాదు. నాకు.

నాయన వసారాలోనే ఉన్నాడు. విన్నాడు. తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు, పోవద్దనలేదు. పొమ్మనీ అనలేదు.