ధర కనిపించని పెట్టె

ప్రియమైన అన్నయ్యకి,

బాగున్నావా? వదిన మెడనొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను గానీ, నీ మీద మాత్రం ఒంటికాలి మీద లేస్తున్నాను.

మన చిట్టిపెట్టెల్ని మీ పెద్ద షాపు నలభై బ్రాంచీల్లోనూ పెడతారని నువ్వు రాసినప్పుడు పెట్టెలు చేసే మా అద్దెగదిలో ముగ్గురం ఎగిరి గంతేశాం. నమూనాకి పంపిన వందా చెల్లిపోయాయన్నావు, సంతోషం. కానీ నిన్న ఒక బస్సు కండక్టరమ్మ పెట్టె అడుగున అడ్రసు చూసి వెతుక్కుంటూ వచ్చింది. మూత మీద రంగు కాగితం సగం ఊడిపోయి ఉంది. "షాపువాళ్ళు అంటించిన ధర స్టిక్కరు పీకబోతే ఇలా అయిందండీ. రేపు మా అమ్మాయి టీచరుగారు రిటైరవుతున్నారు. ఇంత ధర అని నుదుట రాసి ఎలా ఇవ్వను? స్టిక్కరు లేనిది ఒకటి ఇప్పించండి" అంది. తలెత్తకుండా అడిగింది అన్నయ్యా. నాకు కడుపు మండిపోయింది.

అరచేతిలో పట్టే అట్టపెట్టె, లోపల ఎవరి మాట వాళ్ళు రాసుకునే మడత కాగితం. మనం అమ్మేది ఇంతే కదా! అది చవకని కొన్నవాళ్ళకి తెలిస్తే చాలు, పుచ్చుకున్నవాళ్ళకి తెలియక్కర్లేదు. స్టిక్కరు ఉంటే మీ షాపుకి సరుకివ్వను. ససేమిరా.

నీ చెల్లి

*

ప్రియమైన మా మొండిఘటానికి,

మీ వదిన మెడ బాగుంది. నీ ఉత్తరం చదివాక నాకు తలనొప్పి పట్టుకుంది.

నేను ఆ షాపులో కొనుగోళ్ళు చూసే గుమాస్తానే తల్లీ, ఓనర్ని కాను. దువ్వెన దగ్గర్నుంచి దీపం దాకా ప్రతిదాని మీదా పైకి కనిపించేలా ధర స్టిక్కరు ఉండాల్సిందే. ఎప్పటినుంచో ఉన్న రూలు. నీ ఒక్కదాని కోసం ఎవడు మారుస్తాడు?

గది ఓనరు ఏమన్నాడో మర్చిపోయినట్టున్నావు. ఏడాదికి సరిపడా ఆర్డరు కాగితం చూపిస్తేనే గది నీది, లేదంటే పదిహేనో తారీకుకల్లా టైర్ల కొట్టువాడిది. ఆ కాగితం ఇందులో పెట్టాను, సంతకం చేసి పంపు. నీతోపాటు ఆ ఇద్దరు ఆడవాళ్ళ పని కూడా దీని మీదే ఆధారపడి ఉంది. మా షాపు కాదంటే ఎక్కడమ్ముతావే? బస్టాండులోనా?

కోప్పడకు. నీ మంచికే చెబుతున్నా.

మీ అన్నయ్య

*

అన్నయ్యా,

అవును, బస్టాండులోనే! మంచి ఐడియా ఇచ్చావు, థాంక్స్.

నీ కాగితం బీరువా కింద పెట్టాను, ఒక కాలు పొట్టిది. నాలుగు రోజులుగా కాళ్ళరిగేలా తిరిగాను. ఈ పెట్టె కావాల్సినవాళ్ళు మీ షాపుకి రారు. వాళ్ళకి కానుక సంగతి దారిలోనే గుర్తొస్తుంది. హాస్పిటల్ గేటు దగ్గర పూలావిడ ఒప్పుకుంది. హాస్టలు ఎదురుగా జిరాక్సు షాపాయన ఒప్పుకున్నాడు. బస్టాండులో పేపర్లాయన కూడా. నా షరతు ఒక్కటే: ధర నోటితో చెప్పాలి, పెట్టె మీద గీత కూడా పడకూడదు.

అంతా సాఫీగా జరగలేదులే. పూలావిడ ఇరవై పెట్టెల్ని నీళ్ళ బకెట్టు పక్కన పెట్టి నానబెట్టింది. పేపర్లాయన నోటితో చెప్పమన్నానని ధర స్టాండంతా మారుమోగేలా అరిచాడు. చుట్టాన్ని బస్సెక్కించడానికొచ్చిన ఒకాయన సిగ్గుపడి పెట్టె అక్కడే వదిలేసి పోయాడు. పేపర్లాయన్ని చెడామడా తిట్టాను. ఇప్పుడేమో ధర చెవిలో ఊదుతున్నాడు, దొంగసరుకు అమ్ముతున్నట్టు! అదేమిటో చూద్దామని జనం మూగుతున్నారు. మాకు నవ్వాగలేదు.

పదిహేనుకల్లా గది నిలబెట్టుకుంటాను. చూస్తూ ఉండు.

మొండిఘటం

*

అన్నయ్యా,

గది పోయింది.

మూడు చోట్లా పెట్టెలు చెల్లుతున్నాయి. రోజూ మళ్ళీ అడుగుతున్నారు. పూలావిడ నోటిమాట ఓనరుకి ఆర్డరు కాగితం కాదట. "మీ అన్నగారి షాపు కాగితం ఉంటే చూపించండి" అన్నాడు. చూపించలేదు. అట్టలూ జిగురూ మా వంటింట్లోకి చేరాయి. చోటు చాలక ఒకామెని మానుకోమని చెప్పాల్సి వచ్చింది. ఆమె ముందు ఏడవలేదు గానీ, తలుపేసుకున్నాక ఏడ్చాను.

అయినా సంతకం పెట్టను. "నే చెప్పలేదూ" అని మాత్రం రాయకు.

నీ చెల్లి

*

చెల్లాయీ,

మూడు వారాలు నీకు జవాబు రాయలేకపోయాను. రాస్తే నిజం రాయాలి మరి.

ఆ స్టిక్కరు రూలు పెట్టింది నేనే. చేరిన కొత్తలో, బిల్లింగు తొందరగా అవుతుందని నేనే రాసిచ్చాను. మేనేజరుగారు మెచ్చుకున్నారు కూడా. నీ ఉత్తరం రాగానే ఆయన్ని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. చెల్లెలి కోసం తన రూలు తనే మార్చుకుంటున్నాడని నలుగురూ నవ్వుతారని నోరు మెదపలేదు. నీకేమో ఎవరూ మార్చరని రాశాను.

నిన్న అడిగాను. రెండు నిమిషాలు పట్టింది. "స్టిక్కరు అర మీద అంటించండి, పెట్టెకెందుకు?" అన్నారాయన. అంతే. నీ గది ఆ రెండు నిమిషాలకి పోయిందే. కొత్త కాగితం పంపుతున్నాను, స్టిక్కరు లేదు. నన్ను ఎంత తిట్టినా పడతాను.

మీ అన్నయ్య

*

అన్నయ్యకి,

తిడదామని రెండు కాగితాలు పాడుచేశాను. నీ పరువు కోసం నా గది పోగొట్టావు. ఆమెని మానుకోమన్నప్పుడు ఆమె మొహం నువ్వు చూడలేదు. అది నేను మర్చిపోను, నువ్వూ మర్చిపోవడానికి వీల్లేదు.

మీ షాపుకి సరుకిస్తాను. మొదట హాస్పిటల్ గేటుకి, తర్వాత బస్టాండుకి, ఆ తర్వాత హాస్టలుకి. మిగిలితే మీకు. ఏడాదికి ఇన్నని రాసివ్వను. మేనేజరుగారికి తొందరగా ఉంటే లైన్లో ఉండమను.

మానుకోమన్న ఆవిణ్ణి రేపట్నుంచి మళ్ళీ రమ్మన్నాను. వంటింట్లో ముగ్గురికి చోటు లేదు, సర్దుకుంటాం. ఆదివారం నువ్వూ రా. నాలుగువందల మూతలకి రంగు కాగితం అంటించాలి. కూర్చోడానికి గుమ్మం దగ్గర మాత్రమే జాగా ఉంది, అట్టలు ఒళ్ళో పెట్టుకుని చేద్దువుగాని. జిగురు అంటితే వారం దాకా పోదు, పాత చొక్కా వేసుకుని రా.

నీ చెల్లి