తాతయ్య ఉలి నీలం తిరిగింది

అత్తా,

...అందుకే నిన్న ఉత్తరం మధ్యలో ఆపేశాను, అక్క వచ్చేసింది. ఎక్కడున్నాను? ఆఁ, తాతయ్య ఉలి. నాన్న దాన్ని అక్కకిచ్చేశారు, బొమ్మలకి కళ్ళు చెక్కడానికి. మూడేళ్ళుగా షెడ్డులో రాతిపొడి ఊడుస్తున్నది నేను! నాకు చీపురు, ఆవిడగారికి ఉలి.

కుళ్ళు ఆగలేదత్తా. అక్కకన్నా బాగా నూరి చూపిద్దామని, ఎవరూ లేనప్పుడు గ్రైండర్ మీద పెట్టాను. చూస్తే కొస నీలం తిరిగింది. రాయి మీద కొడితే మడత పడింది. శనివారం అక్కకి అది కావాలి. నాన్నకి తెలిస్తే నన్ను షెడ్డు గడప తొక్కనివ్వరు. ప్లీజ్, సీక్రెట్.

భయంతో,
పిచ్చుక

తా.క. రవ్వలు ఎగిరిన ఆ రెండు నిమిషాలూ మాత్రం స్వర్గం.

---

ఒసే పిచ్చుకా,

నీళ్ళలో ముంచకుండా నూరావా, మొద్దు మొహమా! వేడికి ఉక్కు మెత్తబడింది. ఏడుపాపి విను. కొలిమిలో కొస ఎర్రబడేదాకా కాల్చు. కొస మాత్రమే నీళ్ళలో ముంచి తీసి, రంగు కనబడేలా గరుకురాయి మీద రుద్దు. వెనకనుంచి వేడి పాకి, కొస ఎండుగడ్డి రంగుకి రాగానే మొత్తం ముంచెయ్. రెప్ప వేశావో, మళ్ళీ నీలమే.

నోరు విప్పని
అత్త

తా.క. ఆ ఉలి గురించి నేను విప్పని సంగతి ఇంకోటుంది.

---

అత్తా,

అయింది! మధ్యలో అక్క వచ్చి, "కొలిమి దగ్గరేం చేస్తున్నావే?" అంది. "టీ" అన్నాను. నమ్మించడానికి నిజంగానే టీ పెట్టి, ఉలిని అందులోనే ముంచాను.

ఇవాళ అక్క కళ్ళు చెక్కింది. ఉలి ఠంగుమంది. నాన్న కళ్ళు తుడుచుకుని, "మా నాన్న చెయ్యే వచ్చిందే నీకు" అన్నారు. అక్కతో! పదును పెట్టింది నేను, పేరు ఆవిడకి!

కడుపు మండుతూ,
పిచ్చుక

తా.క. ఆ టీ నాన్న తాగేశారు. ఇవాళ చిక్కగా ఉందన్నారు.

---

పిచ్చుకా,

ఇంక దాచుకోలేను. అది తాతయ్య ఉలి కాదు. పెద్దదాన్ని నేనుండగా తాతయ్య దాన్ని మీ నాన్నకిచ్చారని, ఇల్లు వదిలొచ్చేటప్పుడు మార్చేశాను. అక్కడ పెట్టింది బజార్లో కొన్నది. మీ నాన్న ముప్ఫై ఏళ్ళు దాంతోనే చెక్కి, ప్రతి బొమ్మకీ "అంతా మా నాన్న ఉలి మహిమ" అంటుంటే, నేనిక్కడ పళ్ళు నూరుకున్నాను. అసలుదాంతో నేను ఒక్క కన్నూ చెక్కలేదు. చెయ్యి రాలేదే. నీ పేరున పార్సిల్ పంపుతున్నా. ఎవరికిస్తావో నీ ఇష్టం.

అచ్చం నీలాంటి
అత్త

తా.క. రంగు డబ్బాల మూతలు తీసి తీసి కొస వంగింది. రిపేరు నీకు తెలుసుగా.

---

అత్తా,

వచ్చింది. ఈసారి నీళ్ళతోనే బాగుచేశాను. పనికిరాని రాతిముక్క మీద ఒక కన్ను చెక్కాను. మెల్లకన్ను! అసలు ఉలికీ బజారు ఉలికీ నా చేతిలో ఏం తేడా లేదు. నాన్నకి చెప్పేద్దామనుకుంటున్నా. కానీ చెబితే ఆయన ముప్ఫై ఏళ్ళ మహిమ ఏం కావాలి? చెప్పకపోతే...

తలుపు కొడుతున్నారు. అక్క.

"తియ్యవే! అత్త నీకొక్కదానికే పార్సిల్ పంపిందట, ఏముంది అందులో? నేను మాత్రం మేనకోడల్ని కానా?"

అత్తా, అక్కకి కుళ్ళు. నా మీద! కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నా. తలుపు మాత్రం ఇంకో రెండుసార్లు కొట్టనిచ్చి తీస్తా.